3 కిలోల ఫ్రోజెన్ హ్యామ్: పర్లాకిమిడి ఇంటి ఓటీజీలో వండి చూస్తే

క్రిస్మస్‌కి చర్చి సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో బిర్యానీ పక్కన హ్యామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ మాంసం) కూడా ఉండాలని ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో చాలామందికి కోరిక. విశాఖలో ఫ్రోజెన్ సరుకు అమ్మే దుకాణాల నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. ఇక్కడ చెప్పేది ఎముక తీసి, వలలో బిగించి, పొగబెట్టి, ఉడికించి గడ్డకట్టించిన 3 కిలోల ప్యాక్ గురించి. సరుకు మంచిది. పొగ వాసన లోపలి దాకా పట్టింది, మాంసం పీచుపీచుగా లేదు, పైన వేలి మందాన కొవ్వు వదిలారు. ప్యాకెట్ మీద అచ్చేసిన వండే పద్ధతి మాత్రం ఇంటి ఓటీజీకి (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) పనికిరాదు. 180 డిగ్రీల్లో గంటన్నర అని రాశారు. అలాగే చేస్తే పైన మాడిపోతుంది, నడిమధ్య ఇంకా చల్లగానే ఉంటుంది.

లేబుల్‌లో ముందు ‘కుక్డ్’ అన్న మాట కోసం వెతకండి. ఉంటే మన పని లోపలి దాకా వేడెక్కించి, పైన రంగు తెప్పించడమే. లేకపోతే అది ఉప్పునీటిలో ఊరిన పచ్చి తొడ. దానికి నడిమధ్య 63 డిగ్రీలు చేరాలి, దించాక కనీసం 3 నిమిషాలు కదపకుండా ఉంచాలి. రంగు చూసి ఉడికిందని అనుకోవద్దు. నిల్వ కోసం వేసే సోడియం నైట్రైట్ పడిన మాంసం ఎంత ఉడికినా గులాబీ రంగు వదలదు. లేబుల్ మీద అది ఐఎన్ఎస్ 250 (ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే నంబరు) అని ఉంటుంది. అక్కడే 451 కూడా కనిపిస్తే అది ఫాస్ఫేట్, మాంసంలో నీరు పట్టి ఉంచేందుకు వేస్తారు. ఈ ప్యాక్‌లో అది ఉంది, ఓవెన్‌లో పెట్టాక ట్రేలోకి పెద్ద గ్లాసుడు ఉప్పునీరు దిగింది. ఊళ్లో దొరికే పచ్చి పంది మాంసం కంటే రెండు మూడు రెట్లు ధర పెట్టి కొంటున్నప్పుడు నీటికి కూడా డబ్బు కట్టడం బాధగానే ఉంటుంది. ఉప్పు కూడా ఒక పిసరు ఎక్కువే.

కరిగించడానికి ఫ్రిజ్ కింది అరలో, అంచున్న పళ్లెంలో పెట్టి, పూర్తిగా రెండు రోజులు వదిలేయాలి. లెక్క ప్రకారం 2 కిలోల పైచిలుకుకి ఒక రోజు చాలు గానీ, పండగ రోజుల్లో మన ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో తెలిసిందే. టైం లేకపోతే సీలు తియ్యకుండా చన్నీళ్ల బకెట్లో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ మూడున్నర గంటలు ఉంచండి. చలికాలమే కదా అని రాత్రంతా వసారాలో వదిలేస్తే పైపొర పాడవడం మొదలవుతుంది, లోపల మాత్రం ఇంకా రాయిలాగే ఉంటుంది.

ఇక ఓటీజీ. 60 లీటర్లది అయితేనే దీనికి చోటు సరిపోతుంది. కొవ్వుకీ వేడినిచ్చే పై రాడ్‌కీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. అంత పెద్దది సుమారు 2000 వాట్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు వేడెక్కిపోతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. 230 ఉండాల్సింది 190కి దిగితే రాడ్ ఇచ్చే వేడి మూడింట రెండు వంతులే. అందుకే రాత్రి విందు ఉన్నా ఓవెన్ పని మధ్యాహ్నమే మొదలుపెట్టాలి.

హ్యామ్‌ని కొవ్వు వైపు పైకి ఉండేలా లోతైన ట్రేలో పెట్టి, అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, ఫాయిల్‌తో అంచులు బిగించి మూయాలి. 160 డిగ్రీలు, కింది రాడ్ మాత్రమే. కిలోకి 35 నుంచి 45 నిమిషాలు, అంటే మొత్తం రెండు గంటలు అటూ ఇటూ. గడియారాన్ని నమ్మొద్దు. సూది థర్మామీటర్‌ని పక్క నుంచి సరిగ్గా నడిమధ్యకి గుచ్చి చూడండి. కంపెనీలో సీలు వేసిన ఉడికిన హ్యామ్‌కి 60 డిగ్రీలు చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, అక్కడ తనిఖీ జరిగే ఫ్యాక్టరీల సరుకుకి. దుకాణంలో కోసి వేరే కవర్లో కట్టిచ్చినదానికి 74. మన దగ్గర గడ్డకట్టిన సరుకు ఎన్ని చేతులు మారి వస్తుందో చూస్తే, పిల్లలూ పెద్దవాళ్లూ తినే విందుకి 74కే మా ఓటు. కాస్త తేమ తగ్గుతుంది, పర్వాలేదు.

నడిమధ్య 55 డిగ్రీలు దాటాక ట్రే బయటకి తీసి, వల అప్పుడే కత్తిరించాలి. ముందే తీస్తే మాంసం విచ్చుకుపోతుంది. చివర్లో పూసే బెల్లం పాకం పడ్డాక తీస్తే దారాలకి అంటుకుని కొవ్వంతా పొరలుగా ఊడొస్తుంది. వల తీసిన కొవ్వు మీద పావు అంగుళం లోతున గళ్లుగా గాట్లు పెట్టి, ఒక్కో గాటు కూడలిలో ఒక లవంగం గుచ్చండి. గాటు మాంసంలోకి దిగకూడదు, రసం కారిపోతుంది.

ప్యాక్‌తో వచ్చిన గ్లేజ్ (పైన పూసే పాకం) పొట్లం పారేయొచ్చు, ఉత్త పంచదార తీపి. దాని బదులు మన పాకం ఇదీ: 200 గ్రాముల బెల్లం, రెండు కమలాపళ్ల రసం, రెండు చెంచాల ఆవ ముద్ద, ఒక చెంచా వెనిగర్, తురిమిన అల్లం, దంచిన మిరియాలు. సన్న సెగ మీద పది నిమిషాలు మరిగిస్తే చెంచా వెనక పూతలా నిలుస్తుంది, వేలితో గీస్తే గీత చెరగదు. చలికాలంలో ఒడిశా సంతల్లో దొరికే ఈత బెల్లం అయితే ఇంకా బాగుంటుంది, దాని పొగచాయ ఈ మాంసానికి భలే కుదురుతుంది. ఉప్పు వెయ్యొద్దు. పచ్చి అనాస రసం వాడాలనుకుంటే ముందు మరిగించి తీరాలి. పచ్చిది పూసి ఉంచితే అందులోని ఎంజైమ్ పైపొరని పిండి ముద్దలా చేస్తుంది.

పాకం చివరి అరగంటలోనే. ఫాయిల్ తీసేసి, 190కి పెంచి, పై రాడ్ కూడా వేసి, పది నిమిషాలకోసారి పూత. మూడో పూత తర్వాత ఓవెన్ ముందు నుంచి కదలొద్దు. బుడగలు చిన్నవై, జేగురు రంగు నుంచి నలుపుకి తిరగడానికి రెండు నిమిషాలు చాలు, ఆ తర్వాత మిగిలేది చేదే. ట్రేలో నీరు ఇంకిపోతే కారిన బెల్లం అడుగంటి పొగలొస్తాయి, అరగ్లాసు వేడినీళ్లు పోయండి.

దించాక ఇరవై నిమిషాలు వదిలి, పీచుకి అడ్డంగా పల్చగా కొయ్యాలి. అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), ఇంకో కూర ఉన్న విందులో మనిషికి 100 గ్రాములు చాలు, ఈ ప్యాక్ పాతికమందికి వస్తుంది. ఎనభై మంది సంఘానికి ఒక్క ఓటీజీతో దీనికి దిగొద్దు, రెండో హ్యామ్ ఉడికేలోపు మొదటిది చల్లారిపోతుంది.

రెండు గంటలకు మించి బల్ల మీద ఉంచకుండా మిగిలింది ఫ్రిజ్‌లోకి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. ట్రే అడుగు రసం మీద తేలిన కొవ్వు తీసేసి పెసరపప్పులో పోయండి, పప్పుకి వేరే ఉప్పు అక్కర్లేదు.