దూరదర్శన్, బీబీసీ: ఎవరి డబ్బు, ఎవరి పాట?

రెండూ జనం డబ్బుతో నడిచేవే, రెండిటి మీదా పక్షపాతం నింద ఉంది. నింద తీరే వేరు.

మన దగ్గర గొడవ ఒకటే: గద్దె మీద ఎవరుంటే వాళ్ల పాటే. ఎమర్జెన్సీలో ఆలిండియా రేడియోని జనం ‘ఆలిందిరా రేడియో’ అని వెక్కిరించారు. 1997లో దూరదర్శన్‌నీ ఆలిండియా రేడియోనీ నడిపే ప్రసార భారతి ఏర్పడింది. పేరుకు స్వతంత్రం, జీతాలకు మాత్రం కేంద్రం గ్రాంటే. 2024 ఎన్నికల వేళ డీడీ న్యూస్ లోగో కాషాయమైతే ప్రతిపక్షాలు ఊరుకుంటాయా?

బ్రిటన్‌లో బీబీసీకి టీవీ చూసే ఇళ్లవాళ్లు లైసెన్స్ ఫీజు కడతారు. అక్కడ తిట్లు రెండు వైపుల నుంచీ పడతాయి. 2023 మార్చిలో ప్రభుత్వ శరణార్థి విధానాన్ని ట్వీట్‌లో విమర్శించాడని ఫుట్‌బాల్ ప్రెజెంటర్ గ్యారీ లినేకర్‌ని పక్కన పెట్టారు. తోటివాళ్లూ రామన్నారు. ఆ శనివారం షో వ్యాఖ్యాత లేకుండా, ఉత్త గోల్సూ, స్టేడియం గోలతో 20 నిమిషాల్లో అయిపోయింది! మరుసటి నెలలో, మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్‌కి అప్పు ఇప్పించిన వ్యవహారంలో ఇరుక్కుని బీబీసీ ఛైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా ప్రకటించాడు.

నా ఓటు బీబీసీ పద్ధతికే. మచ్చ లేదని కాదు. తమ ఛైర్మన్ రాజీనామాని వాళ్లే ప్రధాన వార్తగా చదివారు. మన సాయంత్రం బులెటిన్‌లో అలాంటిది ఊహించుకోండి.