పిల్లిని షెల్టర్‌కి ఇచ్చేవాళ్లకి

మా అత్తగారికి ఆస్తమా. పిల్లి బొచ్చు కత్తిరిస్తే సరిపోతుందని చాలామంది అన్నారు గానీ, ఎలర్జీ తెచ్చేది పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రోటీన్. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది చిన్న ఫ్లాట్, ఇంక దారిలేక మా పిల్లి బుజ్జమ్మను మధురవాడ వైపున్న ఓ షెల్టర్‌కి ఇచ్చాం.

ఫోన్ ఒక పట్టాన ఎత్తరు, వాట్సాప్‌లో ఫొటో పెడితేనే పలికారు. వెళ్లాక మాత్రం బాగా చూసుకున్నారు. రేబిస్ టీకా కార్డు, పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్ కాగితం తీసుకున్నారు. సంతకం పెట్టాక దాన్ని ఎవరికి దత్తతిచ్చారో చెప్పరు, ఆ మాట ముందే అన్నారు. పిల్లుల గది కుక్కలకి దూరంగా ఉంది. ఫినాయిల్ వాసనే లేదు. అది పిల్లులకి విషమని చాలామందికి తెలీదు. బుజ్జమ్మ పాత దుప్పటి కూడా అడిగి తీసుకుని బోనులో పరిచారు, తెలిసిన వాసన ఉంటే త్వరగా తిండి ముడుతుందట. విరాళం కోసం మొహమాటపెట్టలేదు. పైన రేకుల కప్పే, మే నెల ఎండలకి ఏం చేస్తారో అడిగి మరీ ఇవ్వండి.