నర్సింగ్ చదువు అప్పు, పాలియేటివ్ జీతం: బ్యాంకు విద్యారుణం ఎంతవరకు పనికొస్తుంది?

నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకి నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, చివరి రోజుల్లో ఇంటికెళ్లి కనిపెట్టుకోవడం పాలియేటివ్ కేర్ పని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సింగ్ చదివి ఈ పనిలోకి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. ఇక్కడ తూకం వేస్తున్నవి రెండు: ప్రభుత్వ రంగ బ్యాంకు ఇచ్చే విద్యారుణం, దాని మీద కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ. మార్కులు ముందే చెప్పేస్తాం. రుణానికి అయిదుకి మూడున్నర. వడ్డీ రాయితీకి కాయితం మీద అయిదుకి అయిదు, బ్రాంచి కౌంటర్ దగ్గర రెండు.

ఒక సంగతి మొదటే తేల్చుకోవాలి. ఫలానా పని చేస్తున్నాను కాబట్టి అప్పు తగ్గించండి అని అడగడానికి బ్యాంకు ఫారంలో గడి లేదు. క్యాన్సర్ వార్డులో చేసినా, ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్లకి తిరిగినా, కార్పొరేట్ ఆసుపత్రిలో చేసినా ఈఎంఐ ఒకటే. జీతం మాత్రం ఒకటి కాదు. అందుకే ఈ పనిలోకి వచ్చేవాళ్లకి దక్కే అసలు సాయమంతా ఉద్యోగానికి ముందే, చదువుకునే రోజుల్లోనే ఉంది. అప్పుడు పట్టుకోకపోతే తర్వాత దొరకదు.

రుణం సంగతి. బ్యాంకులన్నీ దాదాపు ఒకే నమూనా పథకాన్ని పాటిస్తాయి. 4 లక్షల వరకు మార్జిన్ అక్కర్లేదు, అంటే మన చేతి వాటా పెట్టనక్కర్లేదు. అది దాటితే దేశంలో చదువుకి 5 శాతం పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు కేంద్రం గ్యారంటీ నిధి ఉంది కాబట్టి పొలం కాయితాలు, బంగారం, బయటివాళ్ల జామీను అడగకూడదు. తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు. దాన్నే మారటోరియం అంటారు. తర్వాత 15 ఏళ్ల వరకు గడువు. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టాలి. పోర్టల్ పని అరగంట. ఆ తర్వాత బ్రాంచికి ఎన్నిసార్లు తిరగాల్సొస్తుందనేది కాయితాల మీద ఆధారపడి ఉంటుంది.

కాయితాల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇంటిపేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, పేరుకి ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, అదీ ఒక్కోసారి పేరు చివర. పాన్‌లో మూడో రకం. రుణం మంజూరుకి మేనేజర్ దీన్ని చూసీ చూడనట్టు వదిలేయొచ్చు, వడ్డీ రాయితీ కోసం వివరాలు పైకి పంపినప్పుడు కంప్యూటర్ వదలదు. కాబట్టి కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందే ఆధార్‌ని మెమోతో సరిపెట్టుకోండి. నాన్న పేరు కూడా అంతే. పాస్‌బుక్‌లో అప్పారావు, ఆధార్‌లో అప్పలరావు అని ఉంటే ఆదాయ ధ్రువపత్రం ఎవరి పేరున వస్తుందో చూసుకోవాలి.

ఇక వడ్డీ రాయితీ. దీన్ని సీఎస్ఐఎస్ అంటారు. 2009-10 నుంచి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే మారటోరియం కాలానికి పడే వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. కాలేజీల నాణ్యతని చూసే న్యాక్ సంస్థ గుర్తింపు కాలేజీకి గానీ, వృత్తి కోర్సుల నాణ్యతని చూసే ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకి గానీ ఉండాలి. వాటి పరిధిలోకి రాని వృత్తి కోర్సులకి ఆయా నియంత్రణ సంస్థ ఆమోదం కావాలి. నర్సింగ్‌కైతే నర్సింగ్ కౌన్సిల్‌ది. చేరే ముందు ఆ ఆమోదం ఏ సంవత్సరానిదో అడిగి చూసుకోండి. కాలేజీ గోడ మీద వేలాడే ఫ్రేములో పాత సంవత్సరం ఉంటే అది మీకు పనికిరాదు. రాయితీ జీవితంలో ఒక్కసారే, డిగ్రీకో పీజీకో. మధ్యలో చదువు మానేస్తే పోతుంది. ఆరోగ్య కారణమైతే మినహాయింపు ఉంది.

2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని చాలామంది దీంతో కలిపేస్తున్నారు. ఆదాయం 8 లక్షల దాకా ఉన్నవాళ్లకి 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ సాయం అని విని ఆశపడతారు. అది జాతీయ ర్యాంకుల్లో ఉన్న ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. మన జిల్లాల నర్సింగ్ కాలేజీలో చేరే పిల్లకి సాధారణంగా దారి పాత సీఎస్ఐఎస్సే.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. ఏడాదికి 80 వేల చొప్పున నాలుగేళ్లు, మొత్తం 3 లక్షల 20 వేలు అప్పు. వడ్డీ 10 శాతం అనుకుందాం. మారటోరియంలో బారువడ్డీ, అంటే వడ్డీ మీద వడ్డీ పడదు. మొదటి 80 వేల మీద అయిదేళ్లకి 40 వేలు, రెండో దాని మీద 32 వేలు, మూడో దాని మీద 24 వేలు, నాలుగో దాని మీద 16 వేలు. కలిపితే లక్షా 12 వేలు. రాయితీ వస్తే ఇది సున్నా. రాకపోతే ఈ లక్షా 12 వేలు అసలులో కలిసి, 4 లక్షల 32 వేల మీద ఈఎంఐ కడతారు. పదేళ్ల గడువుకి రాయితీ ఉన్నవాళ్ల ఈఎంఐ 4,229 రూపాయలు, లేనివాళ్లది 5,709. పదేళ్లు గడిచేసరికి తేడా లక్షా 77 వేలు దాటుతుంది. నెలకి పాతిక వేల జీతంలో పద్నాలుగు వందల ఎనభై అంటే ఇళ్లకి తిరిగే నర్సుకి బండి పెట్రోలు ఖర్చు.

మరి ఇంత మంచి పథకానికి కౌంటర్ దగ్గర రెండు మార్కులే ఎందుకు? రాయితీ కోసం క్లెయిమ్ పంపాల్సింది బ్రాంచి. విద్యార్థి తరఫున అది పంపితేనే నోడల్ బ్యాంకు, అంటే అన్ని బ్యాంకుల క్లెయిమ్‌లూ చూసే బ్యాంకు అయిన కెనరా బ్యాంకు ద్వారా డబ్బు వస్తుంది. బ్రాంచిలో ఆఫీసర్ మారితే, పంపే గడువు దాటితే, ఆదాయ పత్రం ఫైల్లో లేకపోతే ఆ ఏడాది అంతే. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఊళ్లో తల్లిదండ్రులు «ఆ కాయితం ఏటో మాకు తెల్దు బాబూ, పిల్ల చదువు అయిపోనీండి» అని వచ్చేస్తారు. అయిదో ఏడు స్టేట్‌మెంట్ తీస్తే వడ్డీ అంతా అసలులో కూర్చుని ఉంటుంది.

దీనికి మందు ఒకటే, ఏటా ఒకసారి బ్రాంచికి వెళ్లడం. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు చేసి తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం మంజూరు రోజునే ఇచ్చి, జిరాక్సు మీద బ్రాంచి స్టాంపు, తేదీ వేయించుకోండి. ప్రతి ఏప్రిల్‌లో రుణ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని, రాయితీ జమ అయినట్టు లైను ఉందో లేదో చూడండి. డబ్బు ఆలస్యంగా రావడం మామూలే, ఆలస్యానికి కంగారు వద్దు. క్లెయిమే వెళ్లకపోతే మాత్రం కంగారు పడాలి. «నా క్లెయిమ్ ఏ సంవత్సరానికి, ఏ తేదీన పంపారు?» అని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో తెలుగులో చెబుతారు. అంతకంటే ముందు జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌కి ఒక ప్రతి ఇస్తే సగం పనులు అక్కడే కదులుతాయి.

ఆదాయం 4.5 లక్షలు దాటి రాయితీ రానివాళ్లు చదువుతుండగానే నెలనెలా వడ్డీ మాత్రం కట్టేస్తే మంచిది. ఆ కాలానికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి, పైగా అసలు పెరగదు. మొదటి ఏడాది ఇది నెలకి 670 రూపాయల లోపే.

ఈఎంఐ మొదలయ్యే నాటికి గడువు ఎంత పెట్టుకోవాలి? త్వరగా వదిలించుకుందామని ఇంట్లోవాళ్లు పదేళ్లో ఏడేళ్లో అంటారు. పాలియేటివ్ పనిలో ఉండేవాళ్లకి మేము 15 ఏళ్లే పెట్టుకోమంటాం. పైన చెప్పిన 3.2 లక్షలకి 15 ఏళ్ల ఈఎంఐ 3,439. దీనికి నెలనెలా వెయ్యి కలిపి 4,439 కడితే అప్పు సుమారు 9 ఏళ్ల 3 నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో లక్షా 28 వేల దాకా మిగులుతుంది. చేతనవని నెల 3,439 కడితే చాలు, ఎగవేత పడదు. మారుతూ ఉండే వడ్డీ, అంటే ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులకి ఇచ్చిన రుణాల్ని ముందుగా తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. ఎక్కువ కట్టిన డబ్బుని కొన్నిచోట్ల ముందస్తు కిస్తీగా పక్కన పెడతారు, అందుకని అసలుకి జమ చేయమని ఒక చీటీ రాసి ఇవ్వండి.

ఈఎంఐ తేదీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువ జరిమానాలు ఇక్కడే పుడతాయి. ట్రస్టు జీతాలు, కాంట్రాక్టు జీతాలు ఒకటో తారీఖున పడవు. పదో తారీఖో పదిహేనో పెట్టించుకోండి. ఆటో డెబిట్ తిరిగొస్తే జీతం ఖాతా బ్యాంకు ఒక చార్జీ, రుణం ఇచ్చిన బ్యాంకు ఇంకో చార్జీ వేస్తాయి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, అప్పు తీర్చే తీరుకి వేసే మార్కు అయిన సిబిల్ స్కోరు పిల్లతో పాటు సహ రుణగ్రహీత అయిన నాన్నది కూడా పడిపోతుంది. ఆయనకి మర్నాడు పంట రుణం కావాల్సొస్తే అప్పుడు తెలుస్తుంది దాని బరువు. ఉద్యోగం పోయినా, జీతం బాగా తగ్గినా నమూనా పథకంలో మళ్లీ కిస్తీ విరామం అడిగే వీలుంది. కిస్తీ తప్పాక కాదు, తప్పడానికి ముందే అర్జీ పెట్టాలి. విరామంలో వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

పన్ను మినహాయింపు గురించి బ్యాంకువాళ్లు గట్టిగా చెబుతారు. సెక్షన్ 80ఇ కింద కట్టిన వడ్డీకి పరిమితి లేకుండా ఎనిమిదేళ్లు మినహాయింపు అని. నిజమే, కానీ పాత పన్ను విధానంలోనే. ఏడాదికి 3 లక్షలు సంపాదించే నర్సుకి కట్టాల్సిన పన్నే లేదు, మినహాయించేదేముంది? దీన్ని చూసి రుణం ఎంచుకోవద్దు. రుణంతో పాటు అంటగట్టే బీమా పాలసీ కూడా అలాంటిదే. అది తప్పనిసరి కాదు. వద్దనుకుంటే వద్దని రాసివ్వండి, ప్రీమియం రుణంలో కలిపేస్తే దానికీ వడ్డీ కడతారు.

కొన్ని ట్రస్టులు, ఆసుపత్రులు «మీ లోన్ కొంత మేం కడతాం, మూడేళ్లు చేయండి» అంటాయి. మంచి మాటే. ఒప్పుకునే ముందు నియామక పత్రంలో నాలుగు విషయాలు రాసి ఉన్నాయో చూడండి: నెలకి ఎంత, ఏ రుణ ఖాతాకి నేరుగా జమ చేస్తారు, ఎప్పటి నుంచి, మధ్యలో మానేస్తే అప్పటిదాకా కట్టింది వెనక్కి అడుగుతారా లేదా. నోటి మాటగా జీతంలో కలిపి ఇస్తామంటే ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. యజమాని కట్టిన మొత్తం చట్టం దృష్టిలో మీ జీతంలో భాగమే. నర్సింగ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం హామీగా ఇవ్వొద్దు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి, ప్రభుత్వ నోటిఫికేషన్‌కి అవే కావాలి.

అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే పదేళ్ల మాఫీ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అది అక్కడి ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చిన విద్యారుణాలకే. ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థలో వారానికి 30 గంటలైనా పనిచేస్తూ 120 కిస్తీలు కట్టాక మిగిలింది మాఫీ చేస్తారు. చివరి దశ రోగుల్ని చూసే అక్కడి హాస్పిస్ సంస్థల్లో ఎక్కువ భాగం లాభం కోసం నడిచేవే, వాటిలో చేసిన కాలం లెక్కలోకి రాదు. శ్రీకాకుళం బ్రాంచిలో తీసుకున్న అప్పుకి దీనికీ ఏ సంబంధమూ లేదు. అమెరికా వెళ్లినా ఇక్కడి ఈఎంఐ ఇక్కడ కట్టాల్సిందే.

ఎవరు తీసుకోవచ్చు? ఆదాయం 4.5 లక్షల లోపు, కాలేజీ ఆమోదం పక్కా, ఏటా బ్రాంచికి వెళ్లి అడగగల మనిషి ఇంట్లో ఒకరు. ఈ మూడూ ఉంటే ధైర్యంగా తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే సీటైతే హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం వరకే తీసుకోండి, రెండింటికీ ఒకే ఫీజు చూపించొద్దు. మూడోది లేని ఇళ్లలో పిల్లే మొదటి ఏడాది సెలవుల్లో బ్రాంచికి వెళ్లి, తన ఫోన్ నంబరు రుణ ఖాతాకి కలిపించుకుని రావాలి. ఖాతాకి కాలేజీ ఏజెంటు నంబరు ఉన్న కేసులు తక్కువేం కాదు.