సాక్షి మాట మార్చితే: ఒంగోలు కోర్టులో ఒక తీరు, కోర్టు మార్షల్‌లో ఒక తీరు

కావలిలో ఉండే మా బాబాయి రిటైరైన హవల్దారు. "సెషన్స్ కోర్టులో సాక్షిని నిలదీసినట్టు కోర్టు మార్షల్‌లో నిలదీయనిస్తారా అబ్బాయ్?" అని మొన్న అడిగారు. కోర్టు మార్షల్ అంటే సైనికుల్ని విచారించే సైన్యపు కోర్టు. నిలదీయొచ్చు. ఆర్మీ చట్టం 133వ సెక్షన్ ప్రకారం అక్కడా వర్తించేది సాక్ష్య చట్టమే. తేడా అంతా లాయరు చేతిలో ఉండే కాగితంలోనే, అంటే సాక్షి ముందు చెప్పింది రాసి ఉన్న కాగితంలోనే.

ఒంగోలు సెషన్స్ కోర్టులో అది పోలీసులు రాసుకున్న వాంగ్మూలం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ నంబరుతో మన లాయర్లు ఇప్పటికీ 161 స్టేట్‌మెంట్ అనే అంటారు. దాని మీద సాక్షి సంతకం ఉండదు. "నేనట్లా చెప్పలేదు, వాళ్లే రాసుకున్నారు" అని సాక్షి అంటే, దర్యాప్తు అధికారిని బోనెక్కించి ఆ మాట రుజువు చేయాలి.

సైన్యంలో 1954 ఆర్మీ రూల్స్‌లోని 23వ రూలు కింద విచారణకు ముందే సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, అంటే సాక్షులు చెప్పిన మాటల రికార్డు, రాస్తారు. నిందితుడు ఎదురుగా ఉంటాడు, సాక్షిని క్రాస్ చేయొచ్చు, అంటే ఎదురు ప్రశ్నలు వేయొచ్చు. రాసింది సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. "గేటు దగ్గర చీకటి, మనిషిని గుర్తుపట్టలేదు" అని సంతకం పెట్టినవాడు తర్వాత "లైటు వెలుగులో మొహం చూశా" అన్నాడనుకోండి. ఆ లైను చూపించి మరీ అడగాలి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఏం జరిగిందో తేల్చడానికి సైన్యం జరిపే విచారణ) కాగితాలు సాక్ష్యంగా చెల్లవు గానీ, 182వ రూలు ప్రకారం క్రాస్‌లో వాడుకోవచ్చు.

ఇక సాక్షిని నమ్మలేమనడానికి అతను లంచం తీసుకున్నాడని చూపడం రెండుచోట్లా ఒకటే.

నా మటుకు సంతకమున్న కాగితమే గట్టిది. కాబట్టి బాబాయ్, సైన్యంలో ఉన్న మన పిల్లలెవరి మీదైనా కేసు వస్తే, సమ్మరీ రాసే రోజు సాక్షుల్ని అడగకుండా నోరు మూసుకుని కూర్చోవద్దని చెప్పండి.