నా నంబరు పాత ఫోనులోనే ఉండిపోయింది: ఆర్‌సీఎస్ చాట్ ఆపిన అనుభవం

చిక్కడపల్లిలో నాది చేతి గడియారాలు బాగుచేసే దుకాణం. దుకాణమంటే ఒక బల్ల, బల్ల మీద గాజు పెట్టె, వచ్చినవారు కూర్చోవడానికి ఒక స్టూలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల. ఈ సమీక్ష మాత్రం గడియారాల గురించి కాదు. స్మార్ట్ ఫోనులో మామూలు మెసేజ్‌ల యాప్‌లోనే (నా ఫోనులో అది గూగుల్ మెసేజెస్) దూరి ఉండి, మెసేజ్‌లను ఎస్ఎమ్ఎస్‌గా కాక ఇంటర్నెట్ మీద పంపే ఆర్‌సీఎస్ చాట్ అనే సదుపాయం గురించి, ముఖ్యంగా దాన్ని ఆపడం గురించి. ఐదుకు రెండున్నర నక్షత్రాలు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను వాట్సాప్ పెట్టుకోలేదు. పెట్టుకుంటే చుట్టాల శుభోదయాలకు బదులిస్తూ కూర్చోవాలి. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత స్క్రూను పట్టకారుతో పట్టుకున్న మనిషికి ఆ తీరిక ఉండదు. నా దగ్గరికి వచ్చేవారందరికీ ఒకటే చెబుతాను: "మెసేజ్ పెట్టండి, సాయంత్రం చూసుకుని జవాబిస్తాను." అలా అలవాటైన వాళ్ళే నా ఖాతాదారులు. వాళ్ళ మెసేజ్‌లలో చాలావరకు ఆర్‌సీఎస్ ద్వారా వస్తున్నాయన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు. ఫోను కొన్న రోజు ఏదో తెర వచ్చి ఉంటుంది, నేను సరే అని నొక్కి ఉంటాను.

ఈ వేసవిలో ఫోను బల్ల మీద నుంచి జారి కింది షాబాద్ బండ మీద బోర్లా పడింది. తెర నల్లబడిపోయింది. కొత్త తెర ధర విన్నాక దాన్ని సొరుగులో పడేసి, పదునాలుగు వందలు పెట్టి బటన్ల ఫోను కొని, సిమ్ అందులో వేశాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులు. బల్ల మీద ఎంత చోటు మిగిలిందో!

ఆ తర్వాత మూడు వారాలు నా ఖాతాదారులు మూగబోయారు. అనుమానం రావలసిందే, కానీ రాలేదు. ఎందుకంటే ఫోను మోగుతూనే ఉంది. బ్యాంకు ఓటీపీలు వస్తున్నాయి. గ్యాసు బండ బయలుదేరిందని వచ్చింది. కరెంటు బిల్లు గడువు గురించి రెండుసార్లు వచ్చింది. యంత్రాలు పంపేవన్నీ చేరుతున్నాయి, మనుషులు పంపేవే రావడం లేదు. ఎండాకాలం కదా, పిల్లలతో ఊళ్ళకు పోయి ఉంటారులే అని సరిపెట్టుకున్నాను.

విషయం బయటపడింది ఒక జనతా గడియారం దగ్గర. హెచ్‌ఎంటీ జనతా తెలియని చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను: రోజూ చేత్తో కీ ఇచ్చే గడియారం, లోపల పదిహేడు రాళ్ళు, సరిగా చూసుకుంటే మనవడి దాకా నడుస్తుంది. కళాశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మేడమ్ తన తండ్రిగారిది తెచ్చారు. కీ జారిపోతోంది, డయల్ మీద తేమకు పసుపు మరకలు పడ్డాయి. "కీ సరిచేసి, డయల్ కూడా కొత్తది వేయండి" అన్నారు. సరేనన్నాను. 2016లో ఆ గడియారాల సంస్థను మూసివేయాలని నిర్ణయించాక అసలు డయల్ దొరకడం కష్టమైంది. బజారులో వచ్చేవి ఎక్కువగా పాత రేకుకే మళ్ళీ రంగు వేసి అచ్చుకొట్టినవి. అయినా వెతికి, ఉన్నంతలో మంచిది తెచ్చి వేశాను.

ఆమె వచ్చి గడియారం చూసి మొహం పాలిపోయింది. "నేను వద్దన్నాను కదండీ!"

"ఎప్పుడండీ?"

ఆమె తన ఫోను తీసి చూపించారు. పన్నెండు రోజుల కిందటి మెసేజ్: "నాన్నగారి గడియారానికి డయల్ మార్చకండి. పసుపు మరకలు అలాగే ఉండనివ్వండి. కీ మాత్రం సరిచేస్తే చాలు." దాని కింద ఒకే ఒక టిక్కు. అంటే ఆమె ఫోను నుంచి బయలుదేరింది, నాకు చేరలేదు. ఆమె ఒక టిక్కుకూ రెండు టిక్కులకూ తేడా పట్టించుకునే మనిషి కాదు. నేనూ కాదు.

తీసేసిన భాగం ఏదైనా సరే కాగితంలో చుట్టి ఖాతాదారు పేరు రాసి దాచడం నాకు మా గురువు పెట్టిన అలవాటు. ఆ పొట్లం సొరుగులోనే ఉంది. ఆమె ఎదురుగానే పాత డయల్ మళ్ళీ బిగించాను, కొత్త డయల్ ఖర్చు నేనే భరించాను. పొట్లం లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడం ఇష్టం లేదు.

మర్నాడు దగ్గర్లోని ఒక ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. "మెసేజ్‌లలో ఆర్‌సీఎస్ ఆన్‌లో ఉండిపోయింది, పాత ఫోనులోనే ఆపాలి, ముందు తెర వేయించండి" అని ఆరున్నర వేలు చెప్పారు. ఒక మీట ఆపడానికి ఆరున్నర వేలా? గడియారం ఆగితే మేడ కట్టమన్నట్టుంది. చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కి, సుల్తాన్ బజార్‌లో దిగి, కోఠీ మీదుగా ఎండలో నడిచి ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు వెళ్ళాను. అక్కడ ఇరుకు సందులో, నా బల్లకంటే చిన్న బల్ల వెనక కూర్చున్న కుర్రవాడు మొత్తం విని నవ్వాడు.

"అంకుల్, మీ సిమ్ ఈ ఫోనులోకి వచ్చింది. మీ నంబరు మాత్రం ఇంకా పగిలిన ఫోనులోనే ఉందని ఆర్‌సీఎస్ లెక్క. పాత ఫోనుతో పనే లేదు. ఇక్కడి నుంచే తీసేద్దాం."

తన కంప్యూటర్లో ఆ మెసేజ్‌ల యాప్ తయారుచేసిన గూగుల్ వారి పేజీ తెరిచాడు. ఆర్‌సీఎస్ చాట్ ఆపడానికే పెట్టిన పేజీ అది. దేశం భారత్ అని ఎంచి నా నంబరు వేశాడు. నా బటన్ల ఫోనుకు ఆరు అంకెల కోడ్ వచ్చింది. అది మామూలు ఎస్ఎమ్ఎస్, కాబట్టి వచ్చింది. నేను చదివాను, అతను కొట్టాడు, అయిపోయింది. తాళం వేసిన గదిలోంచి మన పేరును బయటినుంచే తీసేసుకునే దారి ఒకటి ఉందన్నమాట. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. యాభై రూపాయలు అడిగాడు, వంద ఇచ్చాను. ఆ కుర్రవాడికి ఐదు నక్షత్రాలు, అవి వేరే ఖాతాలో.

అక్కడే నిలబడి అసలు సంగతేమిటో అడిగి తెలుసుకున్నాను. తర్వాత ఇంట్లో మా అబ్బాయి కూడా కొంత చెప్పాడు. ఎస్ఎమ్ఎస్ అనేది సిమ్ వెంట నడుస్తుంది. సిమ్ ఏ ఫోనులో ఉంటే ఆ ఫోనును టవరు వెతికి పట్టుకుని సందేశం అప్పజెబుతుంది. ఇంటర్నెట్‌తో పనిలేదు. ఆర్‌సీఎస్ అలా కాదు. అది ఇంటర్నెట్ మీద నడిచే వ్యవస్థ. నంబరును ఒక ఫోనుకు కట్టి నమోదు చేసుకుంటుంది. మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘమైన జీఎస్ఎమ్ఏ 2016లో దీనికి ఒక ఉమ్మడి నమూనా ఖరారు చేసింది, 2024లో ఐఫోన్లలోకి కూడా వచ్చింది. అవతలివారి ఫోను "ఈ నంబరుకు చాట్ ఉందా?" అని అడిగితే, ఉందనే జవాబు వస్తున్నంతకాలం సందేశం అటే పోతుంది. చేరకపోతే దానంతట అదే ఎస్ఎమ్ఎస్‌గా మళ్ళీ పంపే ఏర్పాటు ఒకటి పంపేవారి ఫోనులో ఉంటుందట. మేడమ్ ఫోనులో అది ఆన్ చేసి లేదు. ఎవరు చూసుకుంటారు? ఇది కొత్త రోగం కూడా కాదు. ఐఫోన్ వదిలి వేరే ఫోనుకు మారినవాళ్ళకు ఐఫోన్ల సొంత చాట్ అయిన ఐమెసేజ్‌తో సరిగ్గా ఇదే తంటా వస్తుండేది, 2014లో ఆపిల్ వాళ్ళూ ఇలాంటి పేజీ ఒకటి తెరవాల్సి వచ్చింది.

ఇంత జరిగాక కూడా రెండున్నర ఎందుకు ఇచ్చానంటే, మన భాషలో రాసేవారికి ఆర్‌సీఎస్ చేసే మేలు నిజమైనది. ఒక ఎస్ఎమ్ఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగైతే 70. అది కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. ఫోనుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. పని లేని ఒక మధ్యాహ్నం మేడమ్ మెసేజ్‌ను ఇలాగే కూర్చుని లెక్కపెట్టాను. ఖాళీలు, చుక్కలతో కలిపి 94 వచ్చింది. అంటే మూడు చిన్న వాక్యాలకు రెండు ఎస్ఎమ్ఎస్‌ల లెక్క. అందుకే చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతారు, అది చదవడం నాకు ముల్లు లేని గడియారంలో టైము చూసినట్టుంటుంది. ఆర్‌సీఎస్‌లో ఈ కొలతల బాధ లేదు. కావలసినంత తెలుగు రాసుకోవచ్చు. గడియారం ఫొటో పంపితే చక్రాల పళ్ళు కూడా స్పష్టంగా కనిపించేంత బాగా వస్తుంది, ఆ ఫొటో చూసే స్ప్రింగు పోయిందో లేదో నేను చెప్పేవాడిని. ఇద్దరి మధ్య మాటలకు తాళం గుర్తు ఉంటే మధ్యలో ఎవరూ చదవలేరు కూడా. ఆపేస్తే ఇవన్నీ పోతాయి, మామూలు ఎస్ఎమ్ఎస్‌కు ఆ తాళం లేదు. ఇది తెలిసే ఆపాలి.

ప్రకటనల గోల మాత్రం నేను మరచిపోను. అప్పులిస్తామంటూ రంగురంగుల బొమ్మలు, కింద నొక్కమని మీటలు. 2022లో మన దేశంలో ఈ ప్రకటనల మీద ఎన్నో ఫిర్యాదులు వచ్చి, అప్పట్లో వాటిని నిలిపివేశారు కూడా. బటన్ల ఫోనుకు వచ్చాక ఆ బొమ్మల బెడద లేదు, వచ్చేవి పొడి అక్షరాలే.

స్మార్ట్ ఫోను చేతిలో బాగానే ఉన్నవారు నాలాగా ఆబిడ్స్ దాకా ఎండలో పోనక్కరలేదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ యాప్‌లో కుడివైపు పైన మీ బొమ్మ ఉన్న గుండ్రటి గుర్తు నొక్కండి. మెసేజ్‌ల సెట్టింగ్‌లలోకి వెళితే ఆర్‌సీఎస్ చాట్‌లు అని కనబడుతుంది. లోపల మీట ఒకటే. ఐఫోన్లో అయితే సెట్టింగ్‌లలో మెసేజెస్ విభాగంలో ఉంటుంది. ఫోను అమ్మే ముందు, మార్చే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళకు బటన్ల ఫోను కొనిచ్చి సిమ్ అందులో వేసే ముందు ఈ మీట ఆపండి. రెండు సిమ్‌లు వాడేవారు రెండో నంబరు కూడా చూసుకోవాలి. ఫోను పోయినా పగిలినా పైన చెప్పిన పేజీ ఉంది, సిమ్ మాత్రం ఏదో ఒక ఫోనులో వేసి దగ్గర పెట్టుకోవాలి, కోడ్ దానికే వస్తుంది.

మార్కులు తగ్గించింది ఈ మీట దాక్కున్న తీరుకే. సిమ్ మరో ఫోనులోకి పోయిందని టవరుకు తెలుస్తుంది, బ్యాంకు మెసేజ్ చేరుతుంది, గ్యాసు కంపెనీ మెసేజ్ చేరుతుంది. మూడు వారాలుగా ఎవరూ తీయని ఫోనుకు సందేశాలు వరసగా పోగవుతుంటే, ఒక్క ఎస్ఎమ్ఎస్ కొట్టి "మీ చాట్ పాత ఫోనులో ఉంది, ఉంచమంటారా తీయమంటారా" అని అడగవచ్చు కదా. కోడ్ పంపడానికి ఎస్ఎమ్ఎస్ దారి తెలిసినవాళ్ళకు ఇది తెలియక కాదు. ఆ మూడు వారాల్లో చిక్కుకున్నవి నాకు ఇప్పటికీ రాలేదు. ఎవరెవరు ఏమి రాశారో తెలియదు. ఇద్దరు మాత్రం దుకాణానికి వచ్చి, పలకలేదేమని నిష్ఠూరాలాడి, గడియారాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆపిన రోజు రాత్రి తొమ్మిదిన్నరకు బటన్ల ఫోను మోగింది. మేడమ్. తెలుగులోనే రాశారు: గడియారం రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతోందట, ఎప్పుడు తెమ్మంటారని. ఫిర్యాదు అందుకుని ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి. శనివారం తెమ్మని జవాబు కొట్టాను. బటన్ల మీద తెలుగు కొట్టడానికి పావుగంట పట్టింది.