గుడ్డు కూరగాయల బైట్స్: ఓవెన్‌లోనా, పొంగణాల పెనం మీదా, ఇడ్లీ పాత్రలోనా?

గిలక్కొట్టిన గుడ్డులో కూరగాయలు కలిపి చిన్న అచ్చుల్లో ఉడికించే ఎగ్ బైట్స్ గురించి ఈ మధ్య నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే. "ఎగ్ బైట్స్ కోసం ఓటీజీ కొనాలా? ఇంట్లో గుంత పొంగణాల పెనం ఉందిగా, దాంట్లో అవ్వవా?" అని. ఓటీజీ అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్. ఇంకొందరు ఇడ్లీ పాత్ర గురించి, ఎయిర్ ఫ్రయ్యర్ గురించి అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే, మూడు నెలలుగా మా ఇంట్లో చేసి చూసిందంతా ఒకచోట రాస్తున్నాను. గుడ్లు గిలక్కొట్టడం, కూరలు తరగడం, అచ్చుల్లో పోయడం మీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు మా ఇంటి సంగతి చెప్తే నా మొగ్గు ఎటో, ఎందుకో మీకే అర్థమవుతుంది. పాప స్కూలు బస్సు ఏడుంబావుకి వస్తుంది. అత్తయ్య ఎనిమిదింటికి తింటారు, మావారు తొమ్మిదింటికి. ముగ్గురికీ మూడు సార్లు పొయ్యి వెలిగించడం నా వల్ల కాదు. కాబట్టి ముందురోజు సాయంత్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఎవరు తినేటప్పుడు వాళ్లకి వేడి చేసి ఇస్తాను. మీ ఇంట్లో అందరూ కలిసి కూర్చుని పొయ్యి మీద నుంచి నేరుగా తినేట్టయితే ఈ లెక్క కొంత మారుతుంది.

రుచి, టైము, కరెంటు, నూనె అన్నీ చూశాను. నా మటుకు తేల్చింది మాత్రం ఒక్కటే: మర్నాడు డబ్బా మూత తీస్తే అడుగున నీళ్లున్నాయా, లేవా?

మొదటిసారి చేసినప్పుడు పాలకూర, టమాటా పచ్చివే తరిగి గుడ్డులో కలిపేశాను. ఓటీజీ 180 డిగ్రీల మీద పెట్టి 25 నిమిషాలు కాల్చాను. అద్దంలోంచి చూస్తే పూరీల్లా పొంగాయి, ఎంత సంతోషమేసిందో. తెల్లారి డబ్బా తీస్తే అడుగున లేత ఆకుపచ్చ నీళ్లు. ముక్క వేలితో నొక్కితే పక్కల నుంచి ఇంకా ఊరుతున్నాయి. పాప ఒకటి కొరికి, "అమ్మా, లోపల తడిగా ఉంది, పైన రబ్బరులా ఉంది" అని పక్కన పెట్టేసింది. ఎనిమిదేళ్ల పిల్ల చెప్పిన ఆ ఒక్క మాటలోనే అసలు సమస్య మొత్తం ఉంది.

ఎందుకంటే ఆ నీళ్లు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి కూరగాయల్లోంచి. పాలకూరలో నూటికి 91 వంతులు నీరే, టమాటాలో 94 దాకా ఉంటుంది. పుట్టగొడుగులూ అంతే. రెండోది గుడ్డులోంచి. గుడ్డులో కూడా ముప్పాతిక వంతు నీరే. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 మధ్య. కొంచెం పాలు కలిపి గిలక్కొట్టిన గుడ్డు 80 డిగ్రీల లోపే గట్టిపడిపోతుంది. గట్టిపడటం అంటే గుడ్డులోని ప్రొటీన్లు వలలాగా అల్లుకుని నీటిని లోపల పట్టుకోవడం. ఆ పైన కూడా వేడి తగులుతూ ఉంటే వల బిగుసుకుపోయి, పట్టుకున్న నీటిని తనే పిండేస్తుంది. అందుకే ఎక్కువ కాలిన బైట్ ఒకే సమయంలో రబ్బరుగానూ తడిగానూ ఉంటుంది. చాలామంది తడి చూసి ఉడకలేదనుకుని ఇంకో పది నిమిషాలు పెడతారు. అప్పుడు నీళ్లు ఇంకా ఎక్కువ వస్తాయి. నేనూ రెండుసార్లు అలాగే చేశాను.

కూరగాయల నీటికి మందు ఏ పాత్రలోనైనా ఒకటే. ముందే మూకుట్లో వేయించాలి. ఉప్పు గుడ్డులో కాకుండా కూరగాయల్లోనే వేయండి, ఆ నీరేదో మూకుట్లోనే బయటపడుతుంది. ఎప్పుడు ఆపాలో చెవికి తెలుస్తుంది: నీరున్నంతసేపూ సుయ్యిమని ఒకే శబ్దం వస్తుంది, నీరు ఇంకిపోగానే అది చిటచిటగా మారుతుంది. ఆ చిటచిట వినిపించాక ఒక్క నిమిషం ఉంచి దించేయాలి. చల్లారాకే గుడ్డులో కలపాలి. టమాటా వేయాలనుకుంటే గింజల గుజ్జు తీసేసి కండ మాత్రం వేసుకోండి. మునగాకు అయితే ఇంత శ్రమ లేదు, దూసి ఒక చెంచా నూనెలో రెండు నిమిషాలు తిప్పితే చాలు. మా ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ చేసేది మునగాకు, క్యారెట్ తురుము, ఉల్లిపాయ కలిపినవే.

ఇక గుడ్డు తనంతట తాను పిండే నీరు. ఇక్కడే పాత్రల మధ్య తేడా తెలుస్తుంది.

గుంత పొంగణాల పెనంతో మొదలుపెడతాను, ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే కాబట్టి. రుచిలో దీన్ని కొట్టేది లేదు, ఒప్పుకుంటాను. అడుగున ఎర్రగా కాలిన ఆ పొర, అంచుల్లో కరకర, ఇనప పెనమైతే ఇంకా బాగుంటుంది. మూడు గుడ్లు, అరకప్పు వేయించిన కూరగాయలు కలిపితే 12 గుంతలకి సరిపోతుంది. మూతపెట్టి సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు నిమిషాలు. అతి తక్కువ టైములో అయ్యేది ఇదే. నూనె గురించి భయపెట్టేవాళ్లున్నారు. గుంతకి పావు చెంచా చొప్పున 12 గుంతలకి మూడు చెంచాలు. ముగ్గురు తింటే మనిషికి ఒక చెంచా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీలు తినే మనిషికి రోజుకి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు అని ఉంది. ఒక చెంచా అంటే నాలుగున్నర గ్రాములు. మిగతా వంటల్లో చెయ్యి అదుపులో ఉంటే ఇదేమీ పెద్ద తప్పు కాదు.

నాకు దీంతో ఇబ్బంది వేరే. పొయ్యి దగ్గర నిలబడి పుల్లతో ఒక్కోటీ తిప్పాలి. పెనం నడిమి గుంతలకి సెగ ఎక్కువ, అంచు గుంతలకి తక్కువ. నడిమివి బిగుసుకుపోయేసరికి చివరివి ఇంకా కారుతుంటాయి. వేడిగా తినేస్తే ఇవేవీ తెలియవు. మర్నాటికి మాత్రం ఆ కరకర పొర మెత్తబడి తోలులా సాగుతుంది, నడిమి గుంతల్లోవి నీరు వదులుతాయి. ఆదివారం పొద్దున అందరం ఇంట్లో ఉన్నప్పుడు నేను చేసేది ఇవే. పని రోజుల్లో చేయను.

ఇడ్లీ పాత్ర నన్ను ఆశ్చర్యపరిచింది. ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు, అన్ని గుంటలకీ సమానంగా తగులుతుంది. ఎనిమిది నుంచి పది నిమిషాల్లో, జున్ను ముక్కలా మెత్తగా వస్తాయి. నూనె గుంటకి రాసినంతే. అత్తయ్య మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే, "అమ్మాయ్, నాకు రోజూ ఇవే చెయ్యి, నమిలే పనే లేదు" అన్నారు. పళ్లు ఊడిన పెద్దవాళ్లు, ఏడాది దాటిన పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఆవిరి మొదలయ్యాక మంట తగ్గించండి. పెద్దమంట మీద పెడితే గుడ్డు లోపలంతా సూది బెజ్జాల్లాంటి చిల్లులు పడి, ఆ చిల్లుల్లోనే నీరు చేరుతుంది. మూతకి పల్చటి గుడ్డ చుట్టుకుంటే పైనుంచి చుక్కలు పడవు.

కానీ ఆవిరిలో ఉడికినది ఎండదు కదా. కూరగాయల్లో మిగిలిన కాస్త తడి కూడా లోపలే ఉండిపోతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే డబ్బా అడుగున చెంచాడు నీళ్లు కనబడతాయి. ఓవెన్ వాటిలో ఉండే ఆ కాలిన వాసన కూడా వీటికి ఉండదు. పాప వీటిని ముట్టలేదు.

ఓటీజీలో ఉన్న లాభం ఇదే. చుట్టూ ఉన్న పొడి వేడి పైపైన తడిని లాగేస్తుంది, గుడ్డు లోపల నెమ్మదిగా గట్టిపడుతుంది. అయితే ఆ "నెమ్మదిగా" మన చేతిలో ఉంది. 180 వద్దు, 160 చాలు. చిన్న ఓటీజీల్లో వేడెక్కే కడ్డీలు ట్రేకి మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి, నేను కింది అరలో ఒక పళ్లెంలో వేడినీళ్లు పెడతాను, అంచులు బిగుసుకోకుండా ఉంటాయి. మా ఓటీజీ డయల్ 160 అని చూపిస్తుంటే లోపల 180 దాకా ఉంటోందని ఓవెన్ థర్మామీటర్ కొని లోపల పెట్టాకే తెలిసింది. నెల రోజులు కొలతలు మార్చి మార్చి టెన్షన్ పడ్డదంతా దానివల్లే. మీకు రెండుసార్లు రబ్బరుగా వస్తే గుడ్లనీ కూరగాయలనీ అనుమానించకుండా ముందు ఇది చూసుకోండి.

ఆరు గుంటల మఫిన్ ట్రేకి నేను వాడే కొలత: ఐదు గుడ్లు, వేయించాక కొలిచిన ఒక కప్పు కూరగాయలు, రెండు చెంచాల పాలు, మిరియాల పొడి. ముప్పాతిక వంతు మాత్రమే నింపాలి. 20 నిమిషాలు అయ్యాక ట్రేని కాస్త కదిపి చూడండి. అంచులు కదలకుండా నడిమి మాత్రం జున్నులా వణికితే అదే దించాల్సిన సమయం, బయట రెండు మూడు నిమిషాల్లో మిగతాది సర్దుకుంటుంది. పుల్ల గుచ్చితే పల్చటి గుడ్డు అంటుకోకూడదు, నడిమి వేడి 71 డిగ్రీలు దాటాలి. పచ్చి గుడ్డు పిల్లలకి పెట్టకూడదు. పొంగినవి దించగానే కుంగిపోతాయి. అది మీ తప్పు కాదు, లోపలి ఆవిరి బయటికి పోవడమే. పేపరు కప్పుల్లో పోయకండి, సగం గుడ్డు కాగితానికే అంటుకుపోతుంది. సిలికాన్ అచ్చులు మేలు, లేదంటే స్టీలు గిన్నెలకి నెయ్యి బాగా రాయండి.

ఇలా చేసినవి మర్నాడు తీస్తే డబ్బా అడుగు పొడిగా ఉంటుంది. మూడో రోజు కూడా అంతే. ఒక్కోదాంట్లో సుమారు ఐదు గ్రాముల ప్రొటీను, రెండు తింటే పది. కరెంటు గురించి అడిగారు కదా: 1200 వాట్ల ఓటీజీ అరగంట ఆగకుండా కాలినా 0.6 యూనిట్. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి అంతకూడా కాదు.

ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. ఫ్యాన్ గాలి పైభాగాన్ని ముందే ఎండబెట్టేస్తుంది, కింద పచ్చిగా ఉంటుంది. 140 డిగ్రీల దగ్గర పెట్టి, అచ్చుల మీద ఫాయిల్ బిగించి కప్పితే బాగానే వస్తాయి, ఒకరిద్దరికి సరిపోతుంది. నలుగురికి మూడు విడతలు వేయాలి. కుక్కర్ అడుగున ఉప్పు పోసి కాల్చే పద్ధతికి వేడి అదుపు ఉండదు. మైక్రోవేవ్‌లో కప్పులో చేసేది అప్పటికప్పుడు ఒక్కరు తినడానికే.

ఇంకో మాట కూడా చెప్పాలి. వీటిని "హెల్తీ" అంటూ రోజు కూరగాయల లెక్క తీరిపోయిందనుకోకండి. అదే పోషకాహార సంస్థ రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. రెండు బైట్స్‌లో వచ్చేది యాభై అరవై గ్రాములు. మధ్యాహ్నం కూర ఎప్పటిలాగే ఉండాలి. బైట్స్‌లో ఇంకాసిని కూరగాయలు కుక్కుదామంటే గుడ్డు పట్టుకోలేక విడిపోతాయి, మళ్లీ నీటి సమస్యే.

కాబట్టి అప్పుడే తినేసేట్టయితే పొంగణాల పెనం ఉన్నవాళ్లు ఓటీజీ కొననక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇడ్లీ పాత్ర. ముందురోజు చేసి పెట్టుకోవాలంటే ఓటీజీ, నేను అటే. పూర్తిగా చల్లారాక, కాని రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిగా ఉండగానే మూత పెడితే ఆవిరి చెమర్చి మళ్లీ తడి చేస్తుంది. డబ్బా అడుగున నేనొక పేపర్ న్యాప్కిన్ పరుస్తాను. మూడు రోజుల లోపు తినేయాలి. ఫ్రీజర్‌లో పెట్టి చూశాను, కరిగాక కూరగాయలు నీరు వదిలేశాయి. స్కూలు డబ్బాలో పంపొచ్చా అని అడిగినవాళ్లకి: పెట్టిన రెండు గంటల్లో తింటారంటేనే పంపండి, ఎండాకాలం అసలు వద్దు. మా పాప ఇంట్లోనే, బూట్లు వేసుకోకముందే రెండు తినేసి వెళ్తోంది.