టెల్యురైడ్ ట్రిప్, దానికి ముందు రోమ్‌లో చూసిన భూదేవి

మొన్న జూలైలో డెన్వర్ నుంచి అమెరికాలోని కొలరాడో కొండల్లో ఉన్న టెల్యురైడ్ అనే ఊరికి వెళ్ళొచ్చాం, ఆగుతూ ఆగుతూ ఏడు గంటల డ్రైవ్, పిల్లలు వెనక సీట్లో ఒకటే గోల. పట్టుబట్టింది నేనే, ఆ పేరు కోసం. రోమన్ల భూదేవి పేరు టెల్లస్. 1798లో క్లాప్‌రోత్ అనే జర్మన్ కెమిస్ట్ కొత్త మూలకానికి ఆవిడ పేరు మీదే టెల్లూరియం అని పెట్టాడు, అది బంగారంతోనో వెండితోనో కలిసి ఉండే ఖనిజాలే టెల్యురైడ్‌లు, ఈ గనుల ఊరికి పేరు అక్కణ్ణించే వచ్చిందంటారు. తీరా తవ్వితే వెండి, బంగారం, సీసం, జింకు దొరికాయి గానీ ఆ ఖనిజం మాత్రం దొరకలేదట!

ఆ టెల్లస్‌ని నేను చూసింది రెండేళ్ళ కిందట రోమ్‌లో, టైబర్ నది పక్కన ఆరా పాచిస్ మ్యూజియంలో. క్రీ.పూ. 9లో అగస్టస్ చక్రవర్తి కాలంలో ప్రతిష్ఠించిన పాలరాతి బలిపీఠం అది. ఒక పక్క గోడ మీద ఆవిడ కూర్చుని ఉంటుంది, చేతుల్లో ఇద్దరు పసివాళ్ళు, ఒళ్ళో పళ్ళు, కాళ్ళ దగ్గర పడుకున్న ఆవు, గడ్డి మేస్తున్న గొర్రె, వెనకాల గోధుమ కంకులు. ఈవిడ టెల్లస్ కాదు, శాంతి దేవత అనే పండితులూ ఉన్నారు, కానీ ఆ ఆవుని చూశాక నాకు మాత్రం మన భూదేవే. కొలోసియం దగ్గర తోపులాట, ఇక్కడ ప్రశాంతంగా అరగంట నిలబడొచ్చు, రోమ్ వెళ్తే అస్సలు మిస్సవకండి. ఆవిడ గుడి కోసం ఎస్క్విలైన్ కొండ వైపు కూడా తిరిగా, సీజర్ హత్య జరిగిన రెండు రోజులకి సెనేట్ కూర్చుంది ఆ గుళ్ళోనే, ఇప్పుడు చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

సరే, టెల్యురైడ్‌కొస్తే ఊరు బుల్లిది, చుట్టూ నిటారు కొండలు. పక్కనున్న మౌంటెన్ విలేజ్ అనే ఊరికి వెళ్ళే గొండోలా (కేబుల్ కార్) పూర్తిగా ఫ్రీ, 13 నిమిషాలు, మేం నాలుగుసార్లు ఎక్కాం. బ్రైడల్ వీల్ జలపాతం 365 అడుగులు, ఎక్కడం కష్టమే గానీ పైన నీటి తుంపర మొహాన పడితే ఆ అలసటంతా పోతుంది. ఊళ్ళో ఒక రాత్రి ఉన్నాం, గది శుభ్రంగానే ఉంది, కానీ బుకింగ్‌లో చెప్పని ఫీజు చెకౌట్‌లో వేశారు, నాకు చాలా బాధేసింది. రెండో రాత్రి మాంట్రోజ్‌లో ఉన్నాం, గంటన్నర దూరం, రేటు సగం కూడా లేదు, ఫ్యామిలీతో అయితే అదే బెటర్. ఊరు 8,750 అడుగుల ఎత్తు, మా అత్తయ్యకి మొదటిరోజంతా తలనొప్పే, నీళ్ళు బాగా తాగించండి. వెజ్ తిండి తక్కువ, మేం పట్టుకెళ్ళిన పులిహోరే ఆదుకుంది.

ఏప్రిల్ చివర, మేలో మాత్రం ప్లాన్ చేసుకోకండి, రెండు సీజన్ల మధ్య ఖాళీలో గొండోలా ఆపేస్తారు.